మా పేదరికానికి సాక్ష్యం అడగొద్దు! మా ఓటు అడగండి!

బతకడానికి ఆదాయం – ప్రతి మనిషికీ – షరతులు లేకుండా!
వచ్చే గ్రామసభలో చేతులెత్తుదాం! తీర్మానం రాయిద్దాం!

అక్కలారా! అన్నలారా! కౌలుకు దున్నే తమ్ముళ్లారా! నాట్లకు, కలుపులకు పోయే తల్లులారా! పొద్దున్నే అడ్డా మీద నిలబడే మేస్త్రీలారా! బీడీలు చుట్టే చెల్లెళ్లారా!

ఇప్పటికి ఎన్ని అప్లికేషన్లు పెట్టాం? ఎన్ని జిరాక్సులు తీయించాం? ఎన్ని ఫొటోలు అంటించాం? ఆధార్ కార్డు ఎన్నిసార్లు ఇచ్చాం? అడిగిన కాగితమే మళ్లీ అడిగితే ఎన్నిసార్లు మాట్లాడకుండా తెచ్చి ఇచ్చాం?

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా మన తెలంగాణలో ప్రజాపాలన పేరుతో దరఖాస్తులు తీసుకున్నారు. మొత్తం పది రోజులే. రాష్ట్రం మొత్తం మీద 1 కోటి 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఇంటికొకటి పడ్డట్టే! ఇంటింటికీ కష్టం ఉంది కాబట్టే ఇంటింటి నుంచీ కాగితం పోయింది. అంతకంటే ఇంకేం సాక్ష్యం కావాలి?

అయినా అడుగుతూనే ఉన్నారు. ఆదాయ సర్టిఫికెట్ తే. కుల సర్టిఫికెట్ తే. పాస్‌బుక్ చూపించు. జాబ్ కార్డు చూపించు. వేలిముద్ర వెయ్యి. ఓటీపీ చెప్పు. ఖాతాకు ఆధార్ లింకు అయిందా? లేదా? అయితే బ్యాంకుకు పో. అక్కడినుంచి మీసేవకు పో. అక్కడినుంచి మండలాఫీసుకు పో.

ఒక్క రోజు తిరిగితే ఒక్క రోజు కూలి పోయింది. బస్సు దిగి, లైన్లో నిలబడి, "సర్వర్ డౌన్ ఉంది, రేపు రాండ్రి" అనిపించుకుని వస్తే ఆ రోజు పొయ్యి మీదికి ఏం వస్తుంది? పేదోళ్లమని నిరూపించుకోవడానికి ఉన్న కాస్తా ఖర్చు పెట్టుకోవాలా? ఇదెక్కడి న్యాయం?

లిస్టు చదివిన రోజు గుర్తుందా?

2025 జనవరి 21 నుంచి 24 దాకా ఊరూరా గ్రామసభలు పెట్టారు. టెంటు వేశారు. మైకు పెట్టారు. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా – లిస్టులు చదువుతుంటే చెవులు రిక్కించి విన్నాం. పేరు వచ్చినోళ్లు ఊపిరి పీల్చుకున్నారు. రానోళ్లు?

"సారూ, నా పేరు ఇంకోసారి సూడుండ్రి."

"నీ పేరు లిస్టుల లేదవ్వా. మళ్ల అప్లికేషన్ పెట్టుకో."

ఎన్ని ఊళ్లలో వినపడింది ఈ మాట! ఆ తర్వాత ఏమైంది? గొడవలయ్యాయి. కొంత సార్ల మీద. మిగతాదంతా ఎవరి మీద? పక్కింటోళ్ల మీద! "వాళ్లకు ఎట్లొచ్చింది? మాకెందుకు రాలేదు?" అని. నిన్నటిదాకా ఒకే మడిలో వంగి నాట్లేసిన ఆడోళ్లు ఎడమొహం పెడమొహం అయ్యారు.

లిస్టు చేసే పని ఇదే! పైకి పోవాల్సిన కోపాన్ని పక్కింటికి మళ్లిస్తుంది. నలుగురికి ఇచ్చి ఆరుగురిని బయట నిలబెడుతుంది. లోపలికి పోయినోడికి రేపు పేరు తీసేస్తారేమోనని భయం. బయట ఉన్నోడికి ఎవరి కాళ్లు పట్టుకోవాలా అని దిగులు. ఇద్దరూ నోరెత్తరు. ఇంకేం కావాలి పైనున్నోళ్లకు?

ఎవరికి ఎంత? మన లెక్క మనమే చేద్దాం!

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలుపెట్టారు. ముందు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. తర్వాత 5,000 చేశారు. ఎన్ని ఎకరాలదాకా? పరిమితి లేదు! ఇరవై ఎకరాలున్న ఆసామికి ఏడాదికి 2 లక్షలు. ఆయన పట్నంలో ఉన్నా సరే, నాగలి పట్టకపోయినా సరే. మరి ఆ ఇరవై ఎకరాల్లో వంగి నాటేసిన అక్కకు? సున్నా! ఆ భూమినే కౌలుకు పట్టి, నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి విత్తనం వేసిన తమ్ముడికి? సున్నా!

కేంద్రం ఏం చేసింది? పీఎం కిసాన్ అని 2019లో మొదలుపెట్టి ఏడాదికి 6,000 ఇస్తోంది. ఎవరికి? అదీ పేరు మీద భూమి ఉన్నోళ్లకే.

కౌలు రైతు సంగతి 2011లోనే తెలుసు కదా! ఉమ్మడి రాష్ట్రంలో రుణ అర్హత కార్డుల చట్టం చేశారు కదా! ఆ కార్డు మన ఊళ్లో ఎందరి చేతిలో ఉంది? చేతులెత్తండి చూద్దాం!

ఇప్పుడు భూమి లేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 అన్నారు. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా. 2025 జనవరి 26న మొదలైంది. కూలీకీ సాయం అందాలని ఒప్పుకున్నారు, మంచిదే. ఆ ఒప్పుకోలును మనం వదులుకోం. కానీ షరతు చూడండి! 2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలట.

ఆ ఏడాది కాన్పయి ఇంట్లో ఉన్న చెల్లెలి సంగతేంది? చెట్టు మీదినుంచి పడి మంచం పట్టిన గీత కార్మికుడి సంగతేంది? పని పెట్టమని అడిగినా పెట్టని ఊళ్ల సంగతేంది? మున్సిపాలిటీలో కలిపేసిన ఊళ్లలో కూలోళ్లు లేరా? ఉపాధి హామీ పల్లెలకే కదా! అక్కడ 20 రోజుల పని ఎక్కడినుంచి తేవాలి?

ఇంకొకటి చూడండి. పది గుంటల భూమి ఉన్న ఇల్లు. రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసా కింద ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున ఆ ఇంటికి వచ్చేది 3,000. భూమి ఉంది కాబట్టి కూలీ సాయం రాదు! పది గుంటలతో ఏ ఇల్లు గడుస్తుంది? ఆ ఇంటోళ్లంతా రెక్కలు ముక్కలు చేసుకుని కూలికి పోతేనే కదా పూట గడిచేది! పది గుంటలు ఉండడం నేరమా?

పోనీ, షరతులన్నీ దాటి 12,000 చేతికి వచ్చిందే అనుకుందాం. నలుగురున్న ఇల్లు. నెలకు 1,000. మనిషికి 250. రోజుకు ఎనిమిది రూపాయలు! ఇవాళ ఎనిమిది రూపాయలకు కప్పు చాయ్ వస్తుందా?

మిషను తప్పుకు మన కడుపు ఎండాలా?

లిస్టులో నుంచి తీసేయడానికి ఇప్పుడు మనిషి కూడా అక్కర్లేదు. కంప్యూటరే తీసేస్తోంది! 2014 నుంచి 2019 దాకా మన రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ఇంటికొచ్చి చూశారా? లేదు. నోటీసు ఇచ్చారా? లేదు. సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ ఆ పేర్లూ ఈ పేర్లూ కలిపి చూసి, మీకు కారుంది, మీకు ఇల్లుంది అంటే అదే తీర్పు! రేషన్ షాపుకు సంచి పట్టుకుని పోయినోళ్లకు "మీ కార్డు చూపిస్తలేదు" అన్న మాటే నోటీసు.

కోర్టుకు పోతే ఏమైంది? సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఏం చెప్పింది? రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించండి, ఊళ్లోకి పోయి చూడండి అని చెప్పింది. సంవత్సరాల తర్వాత! ఆ సంవత్సరాల్లో ఆ ఇళ్లల్లో పిల్లలు ఏం తిన్నారు? తిరిగి ఇవ్వగలరా ఆ బియ్యం?

వేలిముద్ర సంగతి ఎవరికి తెలియదు? సిమెంటు కలిపి కలిపి, బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి, కలుపు పీకి పీకి గీతలు అరిగిన వేళ్లు. మిషను మీద పెడితే ఎర్ర లైటు. తుడుచుకుని పెట్టు. ఇంకో వేలు పెట్టు. ఎడమచెయ్యి పెట్టు. "పడుతలేదవ్వా, రేపు రా." పని చేసి అరిగిన వేళ్లనే నువ్వెవరని అడుగుతున్నారు! సిగ్గుపడాల్సింది ఆ అవ్వనా?

మరి ఏం కావాలి మనకు?

ఒక్క ముక్కలో చెప్పుకుందాం. పుట్టిన ప్రతి మనిషికీ నెలనెలా ఇంత అని ఆదాయం. ఆడ, మగ, ముసలి, పిల్ల – అందరికీ. భూమి ఉన్నా లేకున్నా. పని దొరికినా దొరకకున్నా. ఏ జెండా పట్టుకున్నా, పట్టుకోకున్నా. ఇంటి పెద్ద పేరున కాదు, ఎవరిది వాళ్లకే. పిల్లలది తల్లి చేతికి. అర్హుల జాబితా ఉండదు. దయతలిచే సారు ఉండడు. కాళ్లు పట్టుకోవాల్సిన నాయకుడు ఉండడు!

జరిగే పనేనా అంటారా? మన కళ్లముందే జరుగుతోంది! 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ కొనకుండా పోతున్నారు. ఎవరైనా ఆదాయ సర్టిఫికెట్ అడిగారా? ఎన్ని ఎకరాలున్నాయని అడిగారా? ఏ పార్టీ అని అడిగారా? బస్సెక్కాం, ఆధార్ చూపించాం, జీరో టికెట్ చేతిలో పెట్టారు. కూలికి పోయే అక్క, టీచరమ్మ పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరిదీ ఒకటే టికెట్. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు! అందరికీ ఇస్తే దళారీకి చోటే ఉండదని ఇంతకంటే ఎవరు చెప్పాలి?

ఓటు పెట్టి అడిగిన దేశం ఉంది!

స్విట్జర్లాండ్. కొండల దేశం, బ్యాంకుల దేశం. అక్కడి రాజ్యాంగంలో ఒక హక్కు ఉంది. పద్దెనిమిది నెలల్లో లక్ష మంది సంతకాలు చేస్తే, ఏ మాటనైనా రాజ్యాంగంలో చేర్చాలా వద్దా అని దేశమంతా ఓటు పెట్టాల్సిందే. ప్రభుత్వానికి ఇష్టమున్నా లేకున్నా సంబంధం లేదు!

ఆ హక్కు పట్టుకుని అక్కడి మామూలు జనం లేచారు. 1 లక్ష 26 వేల సంతకాలు పోగేశారు. 2013 అక్టోబర్ 4న బెర్న్ నగరంలో, పార్లమెంటు ముందున్న మైదానంలో లారీ తెచ్చి 80 లక్షల నాణేలు కుమ్మరించారు. దేశంలో ఒక్కో మనిషికి ఒక్కో నాణెం! 15 టన్నుల నాణేలు పారలతో పరిచారు. "ఇది అందరి డబ్బు, అందరికీ భాగం ఉంది" అని పార్లమెంటు గుమ్మం ముందే చూపించారు.

2016 జూన్ 5న ఓటు జరిగింది. ప్రతి మనిషికీ షరతులు లేని కనీస ఆదాయం ఇవ్వాలి, అది గౌరవంగా బతకడానికి, నలుగురిలో తిరగడానికి సరిపోవాలి – ఇదీ ప్రశ్న. ఎంత ఇవ్వాలో అందులో రాయలేదు. ఉద్యమం చేసినోళ్లు పెద్దవాళ్లకు నెలకు 2,500 ఫ్రాంకులు, పిల్లలకు 625 అని చెప్పారు. ప్రభుత్వం వద్దంది. పార్లమెంటు వద్దంది. గ్రీన్ పార్టీ తప్ప పెద్ద పార్టీలన్నీ వద్దన్నాయి.

ఓడిపోయారు! దాచిపెట్టం. నూటికి 77 మంది దాకా వద్దన్నారు. 23 మంది కావాలన్నారు. ఐదున్నర లక్షలకు పైగా జనం "కావాలి" అని ఓటేశారు. 2025 అక్టోబర్‌లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కూడా ఓటు పెట్టారు. రెండు వేల మందికి మూడేళ్లు ఇచ్చి చూద్దామా అని అడిగారు. అక్కడా వద్దన్నారు.

"ఇంకేం, అయిపోయిందిగా!" అంటారు కొందరు. అయిపోలేదు! ఆ దేశం చరిత్రే చూడండి. ముసలివాళ్లకు పింఛను చట్టం 1931లో ఓటుకు పెడితే ఓడిపోయింది. 1947లో మళ్లీ పెట్టారు, గెలిచింది! ఆడవాళ్లకు ఓటు హక్కు ఇవ్వాలా అని 1959లో అడిగితే మగాళ్లు వద్దన్నారు. 1971లో మళ్లీ అడిగారు, ఇచ్చారు! 2024 మార్చిలో ఏం జరిగింది? పింఛనుదారులకు ఏడాదికి పదమూడో నెల పింఛను కూడా ఇవ్వాలా అని అడిగారు. ప్రభుత్వం వద్దని చెప్పినా, జనం అవునన్నారు! అడగని ప్రశ్న ఒక్కటే శాశ్వతంగా ఓడిపోతుంది. ఒకసారి అడిగితే, మళ్లీ అడగొచ్చు.

మనల్ని ఎప్పుడైనా అడిగారా? అయిదేళ్లకోసారి మనుషుల్ని ఎన్నుకోమంటారు. "నీ బతుకు గురించి ఈ మాట అవునా, కాదా?" అని ఎన్నడన్నా మన ముందు పెట్టారా?

మన దేశం లెక్కలూ ఉన్నాయి!

ఇది ఎవరో పరాయివాళ్ల మాట అనుకోకండి. 2017 జనవరిలో పార్లమెంటులో పెట్టిన ఆర్థిక సర్వేలో దీని మీద ఒక అధ్యాయమే ఉంది. అప్పటి ప్రధాన ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ రాయించింది. మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు అని లెక్క కట్టారు. అంటే నెలకు 635. ఇవాళ ఒక గ్యాస్ బండకు చాలవు! అయినా ఆ చర్చ అక్కడే ఆగిపోయింది. 2019 ఆగస్టులో ఈ విషయం మీద ప్రపంచ మహాసభ మన హైదరాబాద్‌లోనే జరిగింది. దేశదేశాల పండితులు వచ్చి మాట్లాడిపోయారు. మన పల్లెకు ఆ మాట చేరిందా? మన అడ్డా మీదికి వచ్చిందా? అందుకే ఈ కరపత్రం!

"ఊరికే డబ్బిస్తే సోమరులవుతారు" అంటారు. ఎవరంటారు? మనం నాలుగింటికి లేవడం ఎన్నడూ చూడనోళ్లు! 2011లో మధ్యప్రదేశ్‌లో 'సేవా' అనే మహిళా కార్మికుల సంఘం, యునిసెఫ్ కలిసి ఇచ్చి చూశారు. ఎనిమిది ఊళ్లలో ప్రతి మనిషికీ షరతులు లేకుండా నెలనెలా డబ్బు. పెద్దవాళ్లకు మొదట 200, తర్వాత 300. పిల్లలకు అందులో సగం. ఒక గిరిజన గ్రామంలో కూడా ఇచ్చారు. ఏమైంది? జనం పని మానేశారా? లేదు! కూలికి మాత్రమే పోయేవాళ్లు తమ చెలకలో, తమ చేతిపనిలో ఎక్కువ పని చేసుకున్నారు. తిండి మెరుగైంది. బడికి పోయే పిల్లలు పెరిగారు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తడం తగ్గింది.

ఆశ్చర్యమేముంది? చేతిలో నాలుగు పైసలుంటే ఆడదాని నోట మాట వస్తుంది. "ఈ కూలికి రాను, ఇంకో యాభై పెంచు" అనగలుగుతుంది. తాగి కొట్టే మొగుడి ముందు నిలబడగలుగుతుంది. జ్వరం వస్తే ఆరెంపీ దగ్గర అప్పు పెట్టకుండా మాత్ర తెచ్చుకుంటుంది. వాళ్ల భయం మన సోమరితనం గురించి కాదు. మనం బేరం ఆడతామని!

"డబ్బు ఎక్కడిది?" అంటారు. 2019 సెప్టెంబర్‌లో పెద్ద కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. ఏడాదికి 1 లక్ష 45 వేల కోట్లు ఖజానాకు రాకుండా పోతుందని ఆర్థిక మంత్రే చెప్పారు. అప్పుడు "డబ్బెక్కడిది?" అని ఎవరైనా అడిగారా? ఆ కంపెనీలను వేలిముద్ర వేయమన్నారా? ఆదాయ సర్టిఫికెట్ తెమ్మన్నారా? అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా మనమూ పన్ను కడుతున్నాం. ఖజానాలో మన చెమట కూడా ఉంది!

"ఉన్నోళ్లకు కూడా ఇస్తారా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఇవ్వాలి! ఇచ్చి, పన్ను రూపంలో అంతకంత వసూలు చేయాలి. కోటీశ్వరుడి ఆదాయం లెక్క తీయడం పన్నులోళ్ల పని. ఒక్కడు దొంగతనంగా తీసుకుంటాడేమోనని వందమందిని వడగట్టే పని ఇక చాలు! లిస్టు పెట్టిన ప్రతిసారీ తప్పిపోయింది ఉన్నోడు కాదు, లేనోడే!

జాగ్రత్త! ఒక మోసం ఉంది!

కనీస ఆదాయం ఇస్తాం అంటూ రేషన్ బియ్యం ఆపేస్తే? ముసలివాళ్ల పింఛను తీసేస్తే? సర్కారు దవాఖానా, సర్కారు బడి మూసేసి "డబ్బు ఇచ్చాం కదా, ప్రైవేటుకు పో" అంటే? ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం ఎన్నిసార్లు చూడలేదు మనం! 2017 సర్వేలో కూడా ఉన్న పథకాల స్థానంలో ఇవ్వాలన్న ఆలోచనే ఎక్కువ. దానికి ఒప్పుకునేది లేదు! బియ్యం బియ్యమే. పింఛను పింఛనే. పని హక్కు పని హక్కే. ఇది వాటికి అదనం. ఈ ముక్క తీర్మానంలో రాయకపోతే సంతకం పెట్టొద్దు!

మనకూ ఒక సభ ఉంది!

మన రాజ్యాంగంలో స్విట్జర్లాండ్ లాంటి ఓటు లేదు. కానీ గ్రామసభ ఉంది! రాజ్యాంగంలో 243ఏ అధికరణం దాని గురించే. ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ దానిలో సభ్యుడే. మన పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. ఎవరి దయా కాదు!

గ్రామసభకు బలం లేదని ఎవరన్నారు? ఒడిశాలో నియమగిరి కొండను బాక్సైట్ తవ్వకానికి ఒక పెద్ద కంపెనీకి ఇవ్వాలనుకున్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు అక్కడి పల్లెసభలే తేల్చాలని చెప్పింది. ఆ వానాకాలంలో పన్నెండు ఊళ్లు సభ పెట్టాయి. ఆ కొండల మీద బతికే గిరిజనులు డోంగ్రియా కోందులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. పన్నెండుకు పన్నెండు ఊళ్లూ "వద్దు" అన్నాయి! అంత పెద్ద కంపెనీ ఆగిపోయింది! వాళ్లకు అటవీ హక్కుల చట్టం అండగా ఉంది, నిజమే. మన తీర్మానంతో రేపే ఖాతాలో డబ్బు పడదు, అదీ నిజమే. కానీ వంద ఊళ్లు ఒకే మాట రాస్తే? వెయ్యి ఊళ్లు రాస్తే? ఏ ఎమ్మెల్యే ఆ కాగితం చూడలేదని అనగలడు? 2025 డిసెంబర్‌లో కొత్త సర్పంచులను మనమే ఎన్నుకున్నాం. మందు పంచితేనో, నోటు పంచితేనో కాదు, మన మాట రాస్తేనే సర్పంచి అని చెప్పే రోజు ఇదే!

ఇక పనిలోకి దిగుదాం!

ఒకటి. గ్రామసభ ఎప్పుడో పంచాయతీ కార్యదర్శిని ఈ వారమే అడగండి. ఒక్కరే పోవద్దు, పదిమంది పోండి. ఊళ్లో చాటింపు వేయించమనండి.

రెండు. సభ రోజు కూలి పోయినా సరే రండి. మగవాళ్లు ముందు కూర్చుని, ఆడవాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడే సభ మనకొద్దు. ఆడవాళ్లే ముందు కూర్చోండి. ఆడవాళ్లే ముందు మాట్లాడండి.

మూడు. లిస్టు చదవడం మొదలుపెట్టకముందే లేచి ఈ మూడు మాటల మీద చేతులెత్తించండి:
– ప్రతి మనిషికీ షరతులు లేని నెలసరి ఆదాయం ఇవ్వాలి. ఎంత అన్నది గౌరవంగా బతికే లెక్కన తేల్చాలి.
– అది వచ్చేదాకా కౌలు రైతుకు, భూమి లేని కూలీకి, గుంటల రైతుకు ఇచ్చే సాయంలో 20 రోజుల షరతు లాంటివన్నీ ఎత్తేయాలి. పల్లె, పట్నం తేడా పెట్టొద్దు.
– రేషన్, పింఛను, పని హక్కు, సర్కారు బడి, దవాఖానా – ఒక్కటీ తగ్గించొద్దు.

నాలుగు. వద్దనేవాళ్లనూ మాట్లాడనివ్వండి. వాళ్లూ మన ఊరోళ్లే. చేతులు లెక్కపెట్టి ఎంతమంది అవునన్నారో, ఎంతమంది కాదన్నారో రాయించండి. దొంగ లెక్క మనకొద్దు.

ఐదు. తీర్మానాల పుస్తకంలో ఎక్కిందా లేదా, కళ్లతో చూడండి. చదువొచ్చిన పిల్లతో పైకి చదివించండి. అప్పుడే సంతకం పెట్టండి. కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ కాపీ ఎంపీడీఓకు, కలెక్టర్‌కు, ఎమ్మెల్యేకు పంపండి.

ఆరు. పట్నంలో ఉన్నోళ్లు, అడ్డా కూలీలు, ఇళ్లల్లో పాచిపని చేసే అక్కలు, ఆటో అన్నలు – మీకు గ్రామసభ లేదు. బస్తీలోనే కూర్చోండి. అవే మూడు మాటలు తెల్లకాగితం మీద రాసి సంతకాలు చేయించి కార్పొరేటర్ చేతికో, కౌన్సిలర్ చేతికో ఇవ్వండి. దుబాయిలో, మస్కట్‌లో ఉన్న మన ఊరి తమ్ముళ్లకు ఫోన్ చేసి చెప్పండి. ఇంట్లో ఎవరు లిస్టులో లేరో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు? అప్పు తీర్చడానికే కదా వాళ్లు అంత దూరం పోయింది!

అక్కా! అన్నా! నీ పక్కింటి పేరు లిస్టులో ఉంటే వాళ్ల మీద కోపం పెట్టుకోకు. నీ పేరు ఉండి వాళ్ల పేరు లేకుంటే మౌనంగా ఉండకు. ఇద్దరూ కలిసి ఒకే సభకు రండి. ఒకే మాటకు చెయ్యెత్తండి.

లిస్టులు వద్దు! అందరికీ కావాలి!
బిచ్చం వద్దు! భాగం కావాలి!
మా పేదరికాన్ని కొలవొద్దు! మా చేతులు లెక్కపెట్టండి!

ఈ కరపత్రం చదివాక పారేయకండి. చదువు రానోళ్లకు చదివి వినిపించి, పక్క ఊరోళ్ల చేతిలో పెట్టండి.

ఇట్లు
మీలాగే లిస్టులో పేరు వెతుక్కున్న కూలీలం, కౌలు రైతులం